పందెపు కార్టును దాని యిరుసును

ఇంజనీరింగు కళాశాల 1948లో మద్రాసునుండి అనంతపురమునకు తరలివచ్చినది మొదలు, యంత్రవిద్య మా కరవుసీమ పల్లెలకును చేరువైనది. ఇప్పుడు బాలికలును ఆ విద్య నభ్యసించుచున్నారు. దేశమున పెక్కు కళాశాలల విద్యార్థులు పందెపు కార్టులను తామే నిర్మించి పోటీలకు గొనిపోవుచుండగా, "చదువుకొనుమనిన ఈ బండియాట లేమి?" యని విసుగుకొను తల్లులు కలరు. అందలి విద్య యెట్టిదో వారు వినవలెను.

1956లో అమెరికాయందలి కాలిఫోర్నియాలో ఆర్ట్ ఇంగెల్స్ అను నాతడు ఇనుపగొట్టముల చట్రమునకు గడ్డికోయు యంత్రపు ఇంజనును బిగించి మొదటి కార్టును చేసెను. నేటికిని పందెపు కార్టునకు స్ప్రింగులు లేవు. వెనుక చక్రములు రెండును ఒక్క యిరుసునకే బిగింపబడి, దానితోడనే తిరుగును.

ఇందలి చిక్కు మా విడపనకల్లు నల్లరేగడిలో ఎద్దుబండి నెఱిగినవారికి ఇట్టే బోధపడును. ఎద్దుబండి యిరుసు తిరుగదు; సీలల నడుమ చక్రములే వేర్వేఱుగా తిరుగును. మలుపున వెలుపలి చక్రము హెచ్చుదూరము పోయినను బాధలేదు. కార్టున నట్లు కాదు. రెండును సమముగా తిరుగవలసినవే గనుక, ఒకటి నేలను రాచుకొని బండి వేగమును చంపును. అందుచే స్టీరింగు త్రిప్పినంతనే చట్రము మెలిదిరిగి, లోపలి వెనుకచక్రము రవంత పైకి లేచునట్లు కుదుర్తురు. స్ప్రింగుల పని చట్రమే చేయవలెను. అది మితిమీఱి బిగిసినను చెఱుపే, వదులైనను చెఱుపే. విద్యార్థుల పాటంతయు ఇక్కడనే.

వెనుక పళ్లచక్రమునకు పళ్లు హెచ్చించిన బండి వడిగా నందుకొనును గాని, తుదివేగము తగ్గును. బరువు తగ్గించుట, టైరులందు గాలి సరిచూచుట మున్నగునవి సరేసరి.

అయితే వేగముతోడనే కాపును గూడ లెక్కింపవలెను. 2020 అక్టోబరులో హైదరాబాదు చెంత గుఱ్ఱంగూడలో, వినోదార్థము కార్టునెక్కిన యువతి కేశములు చక్రమున చిక్కుకొనగా, గాయపడి మరణించినది. తిరుగు ఇరుసును గొలుసును కూర్చున్నవారి వీపునకు చేరువనే యుండును. ఎక్కునది బాలిక యైనచో జడను చుట్టి హెల్మెట్టులోనికి దోపుకొనవలెను, చున్నీ విడువవలెను. అంతియే చాలదు. గొలుసునకును ఇరుసునకును రేకుకప్పు వేయించుట నిర్మించువారి పని. ఆ రేకు బరువుచే బండి ఒక క్షణము వెనుకబడునని వారు గొణుగుదురేమో, గొణుగనిండు.