పాట వినడానికి పరాయి ఊరు వెళ్తే తప్పా?



ఈమధ్య ఒక ఆదివారం మా కొండాపూర్ సంఘంలో కీబోర్డు లేకుండానే ఆరాధన జరిగింది. కొండాపూర్ అనగానే హైదరాబాదులో ఐటీ ఆఫీసుల పక్కనున్న కొండాపూర్ అనుకోవద్దు. మాది సంగారెడ్డి దగ్గరి పల్లె. శాతవాహనుల కాలపు దిబ్బ, మ్యూజియం ఉన్న ఊరు. మా కీబోర్డు తమ్ముడు పటాన్‌చెరు వైపు ఒక కంపెనీలో కాంట్రాక్టు పని చేస్తాడు. ఓటీ పడి ఉంటుందిలే అనుకున్నాం. వాళ్ళమ్మ కూడా అదే చెప్పింది.

మధ్యాహ్నానికి అసలు సంగతి తెలిసింది. శుక్రవారం రాత్రి ఇద్దరు స్నేహితులతో కలిసి బస్సెక్కి బెంగళూరు వెళ్ళాడు. శనివారం సాయంత్రం అక్కడ తనకిష్టమైన ఒక బ్యాండు పాడింది. ఆదివారం పొద్దున్నే చేరాల్సిన తిరుగు బస్సు దారిలో ఆగిపోయి, పన్నెండు దాటాక పటాన్‌చెరులో దింపింది. ఈలోగా ఎవరో పెట్టిన ఫోటో పెద్దల ఫోన్లకు చేరింది.

ఆ వారం కమిటీ కూర్చుంది. క్వయరు నుంచి తీసేయాలని ఇద్దరు పెద్దలు గట్టిగా అన్నారు. లోకపు పాటల కోసం రాత్రంతా ప్రయాణం చేసినవాడు దేవుని మందిరంలో ఎట్లా వాయిస్తాడని వారి ప్రశ్న. నిర్ణయం మాకు వదిలారు. ఇలాంటి ప్రశ్న ఇవాళ మా సంఘంలో వచ్చింది, రేపు మీ సంఘంలో రావచ్చు. అందుకే మేము తెలుసుకున్నదీ, ఆలోచించినదీ మీ ముందుంచుతున్నాం.

ముందుగా, ఆ పిల్లలు వినడానికి వెళ్ళింది ఏమిటో అర్థం చేసుకుందాం. వారి మాటల్లో అది 'ఇండీ' బ్యాండు. ఇండిపెండెంట్ అన్న మాటకు కుదింపు. మన దేశంలో పాట అంటే ఎక్కువగా సినిమా పాటే. సినిమా కోసం కాక, పెద్ద కంపెనీల మీద ఆధారపడకుండా, తమ పాటలు తామే కట్టుకొని పాడుకునే బృందాలను ఇండీ అంటారు. 1990లో ఢిల్లీలో మొదలైన ఇండియన్ ఓషన్, కేరళ నుంచి వచ్చిన థైక్కుడం బ్రిడ్జ్, బెంగళూరు వారి అగమ్, మన హైదరాబాదు చౌరస్తా ఇలాంటివే. వీటిలో జానపదం ఉంటుంది, కర్ణాటక సంగీతం ఉంటుంది, గిటారూ డ్రమ్సూ ఉంటాయి. అన్నీ మంచివని మేము అనడం లేదు. అన్నీ చెడ్డవని కూడా అనలేం.

ఆ మాటకొస్తే, సినిమాతో పనిలేకుండా సొంత పాట కట్టుకోవడం తెలుగు క్రైస్తవులకు కొత్త కాదు. 1803లో పుట్టి 1890లో ప్రభువునందు నిద్రించిన పురుషోత్తమ చౌదరి గారు కట్టిన కీర్తనలు సినిమా అన్న మాటే లేని రోజులవి. ఇప్పటికీ మన సంఘాల్లో పాడుతూనే ఉన్నాం.

ఫోనులో ఉచితంగా దొరికే పాట కోసం దాదాపు ఆరువందల కిలోమీటర్లు పోవడమెందుకని పెద్దలు అడుగుతారు. చిన్న బృందాలు అన్ని ఊళ్ళకూ రాలేవు. వాయిద్యాలు, సౌండు, మనుషుల ప్రయాణం, హాలు అద్దె అన్నీ కలిపితే, టికెట్లు అమ్ముడవుతాయన్న నమ్మకం ఉన్న నగరాలకే వస్తాయి. అందుకే వినేవారే కదులుతారు. 2025 జనవరి 25, 26 తేదీల్లో బ్రిటన్ బృందం కోల్డ్‌ప్లే అహ్మదాబాదులో పాడినప్పుడు ముంబై నుంచి ప్రత్యేక రైళ్ళే నడిపారు. అది పెద్ద పేరున్న బృందం. కానీ కోరిక ఒకటే. రికార్డులో విన్నదాన్ని మనుషుల మధ్య నిలబడి వినాలని.

ఈ కోరిక మనకు తెలియనిదా? 120 నుంచి 134 వరకు ఉన్న పదిహేను కీర్తనలకు మన బైబిలులో యాత్రకీర్తనలనే పేరుంది. యెరూషలేముకు ఎక్కి వెళ్ళే జనం పాడుకున్నవని పండితులు చెబుతారు. ఇంటి దగ్గర ప్రార్థన లేక కాదు వారు వెళ్ళింది. మన జిల్లాల వారికి మెదక్ ఉండనే ఉంది. కరువు రోజుల్లో పేదలకు పనీ అన్నమూ దొరికేలా చార్లెస్ వాకర్ పోస్నెట్ దొరగారు కట్టించిన ఆ మందిరం 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించబడింది. నేటికీ క్రిస్మస్ తెల్లవారుజామున అక్కడి ఆరాధనకు చలిలో వెళ్ళేవారు ఎందరో. ఊళ్ళో చర్చి లేదా అని వారినెవరూ అడగరు. బ్యాండూ ఆరాధనా ఒకటేనని మేము చెప్పడం లేదు. పాట కోసం, జనం కోసం దూరం వెళ్ళడం దానికదే పాపం కాదని మాత్రం చెబుతున్నాం.

సెమినరీలో చదువుకున్న ఒక సంగతి ఈ సందర్భంలో గుర్తుకు వచ్చింది. 1705లో జర్మనీలోని ఆర్న్‌స్టాట్ అనే ఊరి చర్చిలో ఇరవై ఏళ్ళ కుర్రవాడు ఆర్గన్ వాయించేవాడు. ల్యూబెక్ నగరంలో బుక్స్‌టెహూడె అనే పెద్దాయన వాయిద్యం వినాలని నాలుగు వారాలు సెలవడిగి, తన స్థానంలో మరొకరిని పెట్టి, దాదాపు నాలుగువందల కిలోమీటర్లు నడిచి వెళ్ళాడు. నాలుగు వారాలు పోయి నాలుగు నెలలైంది. తిరిగొచ్చాక 1706 ఫిబ్రవరిలో చర్చి పెద్దలు పిలిచి నిలదీశారు. ఎక్కడికి పోయావు, ఇన్నాళ్ళెందుకు ఉన్నావు, కీర్తనల మధ్య కొత్త స్వరాలు కలిపి సంఘాన్ని తికమక పెడుతున్నావెందుకు అని అడిగారు. తన విద్యలో కొన్ని సంగతులు నేర్చుకోవడానికి వెళ్ళానన్నాడు. వారు మందలించారు గాని తీసేయలేదు. ఆ కుర్రవాడే యోహాన్ సెబాస్టియన్ బాఖ్. 1707 మే నెలలో బుక్స్‌టెహూడె కన్నుమూశాడు. అప్పుడు వెళ్ళకపోతే మరి వినే అవకాశం ఎంతోకాలం ఉండేది కాదు.

ఈ కథలో పెద్దలదే తప్పని మేము చెప్పబోవడం లేదు. నాలుగు వారాలని చెప్పి నాలుగు నెలలు ఉండటం తప్పే. మందలించడం వారి బాధ్యత. అయితే వారు రెండు పనులు కలిపేయలేదు. మాట తప్పినందుకు గద్దించారు, వాయించే పని మాత్రం అతని చేతుల్లోనే ఉంచారు.

మా తమ్ముణ్ణి ఇంటికి పిలిచి మాట్లాడాం. ముందు తల వంచుకొని కూర్చున్నాడు. అమ్మకు ఓటీ అని ఎందుకు చెప్పావని అడిగితే, "అడిగితే వద్దంటరని తెలుసు అయ్యగారూ. అందుకే అడగలే" అన్నాడు. ఆ మాట మాకు తగిలింది. కొద్ది నెలల క్రితం యవనస్థుల కూడికలో బయటి పాటలన్నిటినీ ఒకే గాటన కట్టి ఖండించింది మేమే. మంచీ చెడూ ఎలా వేరు చేయాలో నేర్పలేదు. అడిగే తలుపు మేము మూసేశాం, అబద్ధం తలుపు అతను తెరిచాడు. అతని తప్పు అతనిదే. మా తప్పు కూడా మేము ఒప్పుకోవాలి.

పన్నెండేళ్ళ యేసు పండుగకు వెళ్ళి యెరూషలేములోనే ఉండిపోయిన సంగతి లూకా 2వ అధ్యాయంలో ఉంది. తల్లి ఎంత దుఃఖపడి వెదికిందో అక్కడే రాసి ఉంది. ఆయన చేసినది పాపం కాదు. అయినా తిరిగి నజరేతుకు వచ్చి వారికి లోబడి ఉన్నాడు. పిల్ల ఎక్కడుందో తల్లికి తెలియడం చిన్న విషయం కాదు. ఆ రాత్రి హైవే మీద బస్సుకు ఏదైనా అయి ఉంటే, కొడుకు కంపెనీలో ఉన్నాడనుకుంటూ ఆ తల్లి నిద్రపోతూ ఉండేది. ఈ మాట చెప్పినప్పుడు అతను ఏడ్చాడు.

కాబట్టి యవనస్థులారా, వెళ్ళాలనుకుంటే నాలుగు సంగతులు చూసుకోండి.

మొదటిది, ఇంట్లో నిజం చెప్పండి. ఎవరితో, ఏ బస్సులో, ఎక్కడ దిగుతున్నారో చెప్పండి. చెప్పలేని ప్రయాణమైతే మానుకోండి.

రెండవది, ఖర్చు. టికెట్టు ఒక్కటే కాదు. రూ.500 దాటిన టికెట్టు మీద జీఎస్టీ, బుకింగ్ చార్జీ, రానుపోను బస్సు, తిండి అన్నీ కలపండి. మా తమ్ముడికి జీతంలో మూడోవంతు పైగా అయ్యింది. కూడబెట్టి వెళ్తే వేరు, అప్పు చేసి వెళ్తే వేరు.

మూడవది, అక్కడి వాతావరణం. మద్యం దొరికే చోట్లు ఉంటాయి. స్నేహితుల బలవంతం ఉంటుంది. జనం తొక్కిసలాట కూడా చిన్న భయం కాదు. 2023 నవంబరు 25న కొచ్చిన్ యూనివర్సిటీలో సంగీత కార్యక్రమం దగ్గర నలుగురు చనిపోయారు. లోపలికి వెళ్ళగానే బయటికి పోయే దారి చూసి పెట్టుకోండి. తోపులాట మొదలైతే పాట వదిలి బయటికి రండి.

నాలుగవది, ప్రభువు దినము. మీకు సంఘంలో బాధ్యత ఉంటే ముందే చెప్పి, మరొకరిని సిద్ధం చేసి వెళ్ళండి. బాఖ్ కూడా అంతవరకు చేశాడు.

తల్లిదండ్రులారా, పెద్దలారా, మీకూ ఒక మనవి. వద్దు అనే ముందు ఆ పాటలు ఒకసారి వినండి. పౌలు కొరింథు సంఘానికి నేర్పింది అదే. చేయవచ్చా అని ఆగిపోకుండా, ఇది నాకూ పొరుగువానికీ మేలు చేస్తుందా అని అడగమన్నాడు. ఆ ప్రశ్న పిల్లలే వేసుకునేలా పెంచితే, మనం పక్కన లేని ఊళ్ళో కూడా అది వారి వెంట ఉంటుంది.

తమ్ముణ్ణి క్వయరు నుంచి తీసేయలేదు. అమ్మ దగ్గర తప్పు ఒప్పుకున్నాడు. కమిటీ ముందు క్షమాపణ అడిగాడు. కూడికలో మేము అన్న మాటను మేము కూడా యవనస్థుల ముందు సరిదిద్దుకున్నాం. ఒక పెద్దాయన ఇంకా ఒప్పుకోలేదు. ఆయన భయాన్ని మేము తేలికగా తీసుకోవడం లేదు.

బెంగళూరులో ఏం నేర్చుకున్నావని అడిగితే తమ్ముడు చెప్పింది విని ఆశ్చర్యపోయాం. "వాళ్ళ కీబోర్డాయన సగం పాటలో చేతులు తీసి ఊకున్నడు అయ్యగారూ. నేనైతే మొదటికెల్లి చివరిదాకా కొడుతనే ఉంట." మరుసటి ఆదివారం రెండో చరణంలో అతను చేతులు తీశాడు. వెనక వరుసలో కూర్చునే ముసలమ్మల గొంతులు చాలాకాలం తర్వాత మాకు వినబడ్డాయి.

మన పిల్లల రాకపోకలను ప్రభువు కాపాడును గాక. ఆమేన్.