స్థిరవిద్యుత్తుతో పలికే లౌడుస్పీకరు

మాఘమాసపు రాత్రి పాలిస్టరు చొక్కా విప్పునప్పుడు చిటపటమని శబ్దం వచ్చి, చీకటిలో నీలి మెరుపు కనిపించడం కర్నూలు, కడప వాసులకు కొత్త గాదు. దువ్వెనతో పొడితలను నాలుగుసార్లు దువ్వి కాగితపు ముక్కల దగ్గర పెడితే అవి ఎగిరి అంటుకొంటాయి. సముద్రతీరపు మిత్రులకు ఈ వినోదం మనకున్నంత సులభంగా దొరకదు. అక్కడి గాలిలోని తేమ విద్యుదావేశాన్ని నిలువనీయదు. మన ఎండుగాలి నిలుపుతుంది. భౌతికశాస్త్ర ప్రయోగశాలలో స్వర్ణపత్ర విద్యుద్దర్శినిని ఆవేశపరచిన విద్యార్థులకు ఈ సంగతి చక్కగా తెలుసు. వానాకాలంలో ఆ ప్రయోగం ఎంత విసిగిస్తుందో కూడా తెలుసు.

కాగితపు ముక్కను ఎగిరించే ఈ శక్తితోనే సంగీతం పలికించే లౌడుస్పీకరు ఒకటి కలదు. అటువంటి జత ఒకటి చాలా సంవత్సరాలుగా మా ఇంట ఉన్నది. దానిని గురించి మిత్రులు తరచూ అడుగుతూ ఉండడంచేత, మాకు తెలిసినంత ఇక్కడ వివరించదలచినాము.

ముందుగా సాధారణ లౌడుస్పీకరును గుర్తుచేసుకొందాము. పెండ్లి పందిళ్ళలోనూ, రేడియోలోనూ, టీవీలోనూ ఉండేది అదే. ఒక అయస్కాంతం, దాని సందులో తీగచుట్ట, ఆ చుట్టకు అంటించిన కాగితపు గరాటు. తీగలో సంగీతానికి అనుగుణమైన విద్యుత్తు పారితే చుట్ట ముందుకు వెనుకకు కదులుతుంది, గరాటు గాలిని తోస్తుంది. అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ సంస్థకు చెందిన రైస్, కెల్లాగ్ అనే ఇద్దరు ఇంజనీర్లు 1925లో ఈ పద్ధతిని వివరిస్తూ ప్రచురించిన వ్యాసం నుండి నేటివరకు ప్రపంచంలో అధికభాగం స్పీకర్లు ఈ దారినే నడుస్తున్నవి. చౌక, దృఢం, ఎండకు వానకు ఓర్చుకొంటుంది. లోపమల్లా ఒకటే. గరాటును మధ్యలో పట్టుకొని తోస్తారు. మధ్యభాగం కదిలినంత వేగంగా అంచు కదలలేదు. చాటను ఒకచోట పట్టుకొని గబగబా ఆడిస్తే అంచు వంగి వణకడం చూచినవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు. పైగా గరాటుకు, చుట్టకు బరువు ఉన్నది. కదలమంటే ఆలస్యంగా కదులుతుంది, ఆగమంటే వెంటనే ఆగదు.

స్థిరవిద్యుత్ స్పీకరులో గరాటు లేదు, తీగచుట్ట లేదు, అయస్కాంతం లేదు. మిల్లీమీటరులో నూరవవంతుకు అటూ ఇటూగా ఉండే పలుచని ప్లాస్టిక్ పొర ఒకటి చట్రంలో బిగించి ఉంటుంది. మన తలవెంట్రుకకన్న ఎన్నో రెట్లు సన్నం. విద్యుత్తును కొద్దిగా మాత్రమే పారనిచ్చే పూతను దానిమీద పూస్తారు. దానికి ముందొకటి, వెనుకొకటి రంధ్రాలుగల లోహపు పలకలు నిలుస్తవి. పొరకు పలకకు నడుమ ఎడం కొద్ది మిల్లీమీటర్లే. పొరకు కొన్నివేల వోల్టుల ఆవేశాన్ని ఎడతెగక అందిస్తారు. సంగీతపు విద్యుత్తును ఒక ట్రాన్సుఫార్మరుద్వారా పెంచి పలకలకు పంపుతారు. ముందు పలక ధనమైనప్పుడు వెనుక పలక ఋణం. ఒకటి పొరను లాగుతుంది, మరొకటి నెట్టుతుంది. మరుక్షణంలో పాత్రలు తారుమారు. ఇక్కడ గమనించవలసిన విశేషం, ఆ బలం పొర యావత్తుమీద ఒకేసారి పనిచేయడం. మధ్య, అంచు అనే భేదం లేదు. పొర బరువు దాని ముందున్న గాలి బరువుతో పోల్చదగినంత స్వల్పం గనుక, ఆజ్ఞ అందిన తక్షణం కదులుతుంది, ఆజ్ఞ ముగియగానే ఆగుతుంది.

ఇంగ్లండులోని హంటింగ్డన్ పట్టణంలో పీటర్ వాకర్ అనే ఇంజనీరు తన క్వాడ్ సంస్థ పక్షాన 1957లో ఇటువంటి స్పీకరును మార్కెట్టులోకి తెచ్చినారు. మనిషి గొంతును అంత సహజంగా పలికించిన యంత్రం అంతకుముందు లేదని శ్రోతలు మెచ్చుకొన్నారు. కాని దానికొక బలహీనత ఉన్నది. తబలాలో బాయఁ మోత, మృదంగపు ఎడమవైపు గుమికి వంటి మంద్రధ్వనులను అది గట్టిగా పలుకలేదు.

కారణం లెక్కవేసి చూడవచ్చు. మన వేసవిలో శబ్దవేగం సెకనుకు దాదాపు 350 మీటర్లు. సెకనుకు 50 కంపనాల మంద్రధ్వని తరంగదైర్ఘ్యం 350ని 50తో భాగిస్తే 7 మీటర్లు. పొర ముందుకు నెట్టినప్పుడు దాని వెనుక గాలి పలుచబడుతుంది. అడుగు వెడల్పు పలకకు ఏడు మీటర్ల తరంగం ఒక అడ్డే గాదు. ముందరి ఒత్తిడి అంచును చుట్టి వెనుకకు పోయి వెలితిని పూడ్చివేస్తుంది. రెండూ పరస్పరం చెరిపివేసుకోగా చెవికి మిగిలేది కొంచెమే. పెద్ద పలక కడితే మేలేగాని, తలుపంత పలకలు పెట్టడానికి ఎందరి ఇండ్లలో స్థలమున్నది?

అందుచేత పుట్టినదే సంకర స్పీకరు. మధ్యమ, తారధ్వనులు స్థిరవిద్యుత్ పొరకు అప్పగించి, మంద్రధ్వనులను పెట్టెలో బిగించిన మామూలు గరాటుకు వదిలివేస్తారు. ఈ ఆలోచన కొత్తది గాదు. అమెరికాలో ఆర్థర్ జాన్సెన్ తయారుచేసిన స్థిరవిద్యుత్ తారస్పీకరును ఎకౌస్టిక్ రీసెర్చ్ సంస్థవారి మంద్రస్పీకరుతో 1950 దశాబ్దంలోనే కొందరు జోడించి విన్నారు. 1980 దశాబ్దంలో కాన్సాస్ రాష్ట్రంలోని లారెన్స్ నగరంలో గేల్ మార్టిన్ శాండర్స్, రాన్ లోగన్ సదర్లాండ్ అనే ఇద్దరు తమ మధ్యపేర్లు కలిపి మార్టిన్‌లోగన్ అనే సంస్థను నెలకొల్పి ఈ సంకరజాతిని ప్రచారంలోకి తెచ్చినారు. వారి పలక చదునుగా ఉండక విల్లువలె వంగి ఉంటుంది. చదును పలకనుండి తారధ్వనులు టార్చిలైటు వెలుగువలె సూటిగా పోతవి. పక్కన కూర్చున్నవారికి అందవు. వంచితే కొంత విచ్చుకొంటవి. అయితే పొర చటుక్కున ఆగినచోట గరాటు ఇంకా కదులుతూ ఉంటే, రెండు వేర్వేరు యంత్రాలు పలుకుతున్నట్లు చెవి పసిగడుతుంది. ఈ అతుకు తెలియకుండా కలపడమే సంకర స్పీకరులో అసలు కష్టం. ఎంతో ఖరీదైనవాటిలోనూ అతుకు పూర్తిగా మాసిపోయిందని మేము చెప్పజాలము.

మా ఇంటికి ఇవి వచ్చిన వైనం. కడప జిల్లానుండి కువైత్‌కు వెళ్ళిన వేలమందిలో మా చిచ్చా ఒకరు. అక్కడ ఒక కుటుంబం ఊరు విడిచి వెళ్తూ అమ్మిన పాత జతను ఆయన కొని, 1990 దశాబ్దపు చివర కర్నూలు పాతబస్తీలోని మా ఇంటికి చేర్చినారు. అక్కడి కరెంటు కూడా మనవలెనే 240 వోల్టులు, 50 సైకిళ్ళు గనుక వేరే ఏర్పాటు అవసరపడలేదు. పెట్టెలు విప్పగానే దాదీ చూచి, "ఏం నాయనా, దోమల జాలీ తలుపులు కువైత్ నుంచి తెప్పించుకోవాల్నా?" అన్నారు. మనిషి ఎత్తున నిలిచిన రంధ్రాల పలకలను చూచి ఎవరైనా అదే అనుకొంటారు.

మొదటి దినం వినగానే మాకు కలిగినది ఆనందం గాదు, నిరాశ. మా హాలుకు బేతంచెర్ల బండల నేల, సిమెంటు గోడలు, ఆర్‌సీసీ పైకప్పు. ఈ స్పీకరు ముందుకు ఎంత పలుకుతుందో వెనుకకూ అంతే పలుకుతుంది. వెనుకకు పోయిన ధ్వని నున్నని గోడకు కొట్టుకొని తిరిగివచ్చి, పాటంతా బావిలో పాడినట్లయినది. గోడకు మూరెడు దూరంలో ఉన్నవాటిని నాలుగడుగులు ముందుకు జరిపినాము. నేలమీద జంపఖానా పరచినాము. వెనుక గోడకు దాదీ కుట్టిన బొంత వేలాడదీసినాము. మంద్రపు పెట్టె కింద రెండంగుళాల కడప నల్లబండ వేసినాము. వంటింటి గట్టుకు తెచ్చి మిగిలినది అది. ఈ నాలుగు పనులకు ఖర్చు శూన్యం, ఫలం మాత్రం అపారం. తరువాత ఒక పల్లెలో బంధువుల పాత మట్టిమిద్దెలో కూర్చున్నప్పుడు గమనించినాము, దూలాలు దంతెలు, మట్టిపూత గల ఆ గదిలో మాట ఎంత హాయిగా వినిపిస్తుందో. ఆర్‌సీసీ కట్టుకొని మనం పోగొట్టుకొన్నవాటిలో అదొకటి.

ఆ తరువాత వినిన సంగీతం గురించి నాలుగు మాటలు. ఒంగోలు సమీపాన కరవదిలో పుట్టి శ్రీరంగంలో స్థిరపడిన షేక్ చినమౌలానా సాహెబుగారి నాదస్వరంలో, ఊపిరి పీకను తాకిన క్షణం, నాదం పుట్టిన క్షణం వేర్వేరుగా తెలిసినవి. ఖవ్వాలీలో చప్పట్లు ఒక మూకుమ్మడి మోతగా గాక, ఎవరి చేతులు వారివిగా వినిపించినవి. కడప పెద్దదర్గా ఉరుసులో ముందువరుసలో కూర్చొని విన్నవారికి ఆ తేడా అర్థమవుతుంది. ఘంటసాల పద్యాలలో గొంతు పలకలమధ్య గాలిలో నిలిచినట్లున్నది. అయితే డప్పు, తాషా వంటి వాద్యాలను మాత్రం మామూలు పెద్ద స్పీకర్లే మేలుగా పలికిస్తవని నిజం ఒప్పుకోవలెను. ఊరేగింపు హోరు ఈ పొర వల్ల కాదు. పలక వంచినా ఉత్తమమైన స్థానం ఒక్కటే. ఆ కుర్చీకోసం ఇంట్లో తగాదా పడి, చివరకు వినికిడి మందగించిన దాదీకే అది శాశ్వతంగా దక్కినది.

మా దాదా బడిపంతులుగా పనిచేసినవారు. ఆయన గొంతుతో ఒకే ఒక క్యాసెట్టు ఉన్నది. ఒక వైపు వేమన పద్యాలు, రెండవ వైపు ఉర్దూ షేర్లు. అప్పటికి ఆయన పోయి ఏడేండ్లు. టేప్‌రికార్డరులో ఎన్నోసార్లు విన్నదే అయినా, ఈ స్పీకర్లలో పెట్టినదినం పద్యానికి పద్యానికి నడుమ ఆయన పంటి సందున గాలి పీల్చుకొనే అలవాటు వినబడినది. దాదీ ఆపమన్నారు. కొంతసేపటికి మళ్ళీ పెట్టమన్నారు. టేపు సొద, రికార్డు చేసిన గదిలో ఫ్యాను రొద సైతం అంతే స్పష్టంగా విన్నాము. ఈ యంత్రం మంచిని, చెడును ఎంచి వినిపించదు. చెడుగా రికార్డయిన సినిమా పాటలను దీనిలో వినలేక పక్కన పెట్టవలసి రావడం దీని యజమాని చెల్లించే మూల్యాలలో ఒకటి.

2009 అక్టోబరు 2న తుంగభద్ర పొంగి కర్నూలులోకి వచ్చినది. కింది అంతస్తు మునిగినది. స్పీకర్లు అప్పటికి మిద్దెమీది గదిలో ఉండడంచేత దక్కినవి. కిందనున్న క్యాసెట్టుల పెట్టె బురదపాలయినది. దాదా క్యాసెట్టు మాత్రం పైగదిలో యంత్రంలోనే మరచిపోయినందున మిగిలినది. మరచిపోయినది ఎవరన్న వాదన నేటికీ తెగలేదు. కరెంటు తిరిగి వచ్చినాక వినిచూస్తే కుడి పలక సగం గొంతుతో, చిరచిరమంటూ పలికినది. పాడైనదనే తలచినాము. నిజానికి ఇల్లంతా పట్టిన తేమవల్ల పొరమీది ఆవేశం కారిపోతూ ఉండినది. చలికాలపు ఎండుగాలి వీచి గోడలు ఆరేసరికి గొంతు దానంతటదే తిరిగి వచ్చినది. వ్యాసం మొదట చెప్పిన చొక్కా మెరుపుకూ దీనికీ సూత్రం ఒక్కటే. తీరప్రాంతపు యజమానులకు లేని ఈ సౌకర్యం మన పొడినేల ఉచితంగా ఇస్తున్నది.

అయితే ఆ నేలే దుమ్మును కూడా ఇస్తుంది. ఆవేశమున్న పొర దుమ్మును దువ్వెనవలెనే ఆకర్షిస్తుంది. నల్లరేగడి దుమ్ము రంధ్రాలలో పేరుకొంటే టిక్కు టిక్కుమని చిన్న నిప్పురవ్వలు దూకుతవి. మొదటి వేసవిలో మేము తడిగుడ్డతో తుడిచి, ఆ చప్పుళ్ళను పదింతలు చేసుకొన్నాము. ప్లగ్గు తీసి, ఆవేశం ఇంకిపోవడానికి కొన్ని గంటలు ఆగి, మెత్తని కుచ్చుగల వాక్యూమ్ క్లీనరుతో బయటనుండి పీల్చడమే సరియైన పద్ధతి. విద్యార్థి మిత్రులు ఎట్టి కుతూహలంతోనూ పలకను విప్పరాదు. లోపల ఉన్నది వేల వోల్టులు. యాంప్లిఫయరు విషయంలో కూడా జాగ్రత్త అవసరం. ఈ పలక యాంప్లిఫయరు కంటికి ఒక కెపాసిటరు. ధ్వని ఎత్తు పెరిగినకొద్దీ దాని అవరోధం పడిపోయి రెండు ఓములకు, అంతకన్న కిందికి కూడా దిగవచ్చు. మా పాత యాంప్లిఫయరు మొదటి నెలలోనే వేడెక్కి మూగబోయినది.

కళాశాల సంఘం పెద్దలకు ఇటువంటివి కొనవలసినదని మేము చెప్పము. ఆ సొమ్ముతో ప్రయోగశాలకు కావలసినవి చాలా ఉన్నవి. మా విన్నపం వేరు. గ్రంథాలయంలో ఒక చిన్న గది, కిటికీలకు మందపాటి తెరలు, నేలమీద జంపఖానా, మంచి మామూలు స్పీకర్ల జత, పనిచేసే క్యాసెట్టు యంత్రం ఒకటి ఏర్పాటు చేసినచో, విద్యార్థుల ఇండ్లలో మూలపడిన ముషాయిరాల, పద్యనాటకాల, పెద్దల గొంతుల టేపులను తెచ్చి విని, కంప్యూటరులోకి ఎక్కించుకోవచ్చు. టేపుమీది పూత వానకు, ఎండకు రాలిపోతున్నది. మా పెట్టెడు క్యాసెట్టులు ఒక్కరాత్రిలో పోయినవి.

మా దాదా క్యాసెట్టుకు నకలు తీయించినాము. స్పీకర్ల పొరలకు వయస్సు మీరినది. పూత అరిగి కుడి పలక మళ్ళీ నెమ్మదించినది. ఈసారి తేమ కారణం గాదు గనుక చలికాలం వచ్చినా బాగుపడలేదు. కొత్త పలకల ధర విచారించి ఊరకున్నాము. ప్రస్తుతానికి బ్యాలెన్సు మీటను కుడివైపుకు కొంచెం తిప్పి వింటున్నాము.