అమ్మానాన్నలతో టోక్యోలో ఒక రోజు: అసకుస గుడి, శాకాహార భోజనం, కత్తుల వీధి

ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తున్నారు, గుడ్డు కూడా ముట్టరు, టోక్యోలో ఒక్కరోజులో ఏం చూపించాలి అని చాలామంది అడుగుతుంటారు. ఈరోజు అదే మాట్లాడుకుందాం.

మా అమ్మానాన్నలు వచ్చి మూడు వారాలైంది. నాన్న అయితే ఏదో ఒకటి సర్దుకుంటారు. అమ్మకి మాత్రం ఎక్కడికెళ్లినా డబ్బాలో పెరుగన్నమే. మేం హోటల్లో తిని వచ్చేదాకా ఆవిడ బయట బెంచీ మీద. మా పాపకి ఏడేళ్లు, "అమ్మమ్మా, నువ్వు మాతో ఎందుకు కూర్చోవు?" అని అడిగింది. అందుకే ఈసారి ముందు భోజనం ఎక్కడో తేల్చుకుని, మిగతా ప్లాన్ అంతా దాని చుట్టూ వేశాను. మీరూ అలాగే చెయ్యండి.

అసలు ఇబ్బంది ఎక్కడంటే దాషి. అంటే మన చారుకట్టు లాగా ఇక్కడి వంటకి ఆధారమైన రసం. ఎక్కువగా బోనిటో అనే చేపని ఎండబెట్టి, తురిమి చేస్తారు. మిసో సూప్‌లో, ఉడాన్‌లో, సోబా నంజుకునే సాస్‌లో, చివరికి కూరగాయల టెంపురా పక్కన ఇచ్చే సాస్‌లో కూడా అదే ఉంటుంది. ముక్క కనపడదు కాబట్టి "ఇది వెజ్జేనండీ" అని వాళ్లు మనస్ఫూర్తిగానే చెబుతారు. మోసం కాదు, వాళ్ల లెక్కలో రసం చేప కిందికి రాదు. ప్యాకెట్ల మీద అలర్జీ పట్టికని కూడా నమ్ముకోకండి, అందులో బోనిటో పేరు ఉండదు. "వెజిటేరియన్" అన్న ఒక్క మాట సరిపోదు. "కత్సువో దాషి మో తబెరరెమసెన్" అని అడగండి. బోనిటో రసం కూడా తినము అని అర్థం.

దీనికి దారి షోజిన్ ర్యోరి. బౌద్ధ ఆలయాల వంట. మాంసం, చేప ఉండవు. సంప్రదాయంగా ఉల్లి, వెల్లుల్లి కూడా వెయ్యరు, మన మడి వంటలాగే. రసం కొంబు అనే సముద్రపు నాచుతోనూ, ఎండు షిటాకే పుట్టగొడుగులతోనూ తీస్తారు. అసకుస దగ్గర్లో ఒకచోట ముందే ఫోన్ చేసి, రసం గురించి మళ్లీ అడిగి, బుక్ చేశాను. ఇలాంటిచోట్ల రిజర్వేషన్ లేకుండా వెళ్లకండి.

పొద్దున నిషి కసాయిలో తోజాయ్ లైన్ ఎక్కి, నిహొంబషిలో గింజా లైన్‌కి మారి అసకుస చేరాం. నాన్నకి మోకాళ్ల నొప్పి. లిఫ్ట్ దాదాపు ప్రతి స్టేషన్‌లో ఉంటుంది కానీ ప్రతి ఎగ్జిట్‌లో ఉండదు. పైకి వచ్చే ముందే బోర్డు మీద లిఫ్ట్ బొమ్మ వెతుక్కోండి, లేదంటే మెట్లే గతి.

సెన్సోజి టోక్యోలో అన్నిటికన్నా పాత గుడి. 628లో ఇద్దరు జాలరి అన్నదమ్ముల వలకి సుమిదా నదిలో కన్నోన్ విగ్రహం దొరికిందని కథ. కన్నోన్ అంటే మన అవలోకితేశ్వరుడే. "అంత పాతదంటావు, గోడలు కొత్తగా ఉన్నాయేంటమ్మా?" అన్నారు నాన్న. నిజమే, 1945 బాంబు దాడుల్లో కాలిపోతే 1958లో మళ్లీ కట్టారు. పెద్ద ఎర్ర లాంతరు ఉన్న ద్వారం పేరు కామినరిమోన్, ఉరుము ద్వారం. ఒకవైపు గాలి దేవుడు, ఇంకోవైపు ఉరుము దేవుడు.

అక్కడి నుంచి గుడిదాకా 250 మీటర్ల నకమిసె బజారు. బొమ్మల ఆకారంలో చేసే నింగ్యో యాకి లోపల మన పూర్ణంలాంటిదే ఉంటుంది గానీ పిండిలో గుడ్డు కలుపుతారు, అమ్మకి పనికిరాదు. కామినరి ఒకోషి మాత్రం చూడగానే "ఇవి మరమరాల ఉండలే కదే!" అంది. అవును, బియ్యపు పేలాలు, పాకం. కొన్నది కొన్న షాపు ముందే నిలబడి తినేయాలి, నడుస్తూ తింటే ఇక్కడ బాగోదు.

మధ్యాహ్నం ఐదుగురం ఒకే బల్ల. గోమ దోఫు వచ్చింది. పేరు తోఫు గానీ సోయా ఉండదు, నువ్వులు నూరి పిండితో గట్టిపరుస్తారు. అమ్మ ఒక స్పూను నోట్లో పెట్టుకుని, "కాస్త ఉప్పు తక్కువ" అని మొత్తం తినేసింది. పాప వంకాయ ముక్క కూడా అమ్మమ్మకే పోయింది. డబ్బా బ్యాగులోనే ఉండిపోయింది.

తర్వాత కప్పబషి. అసకుస నుంచి నడిచే దూరం, వంటసామాన్ల వీధి. హోటళ్ల ముందు పెట్టే ప్లాస్టిక్ భోజనాలూ ఇక్కడే కొంటారు. అమ్మకి కత్తి కావాలి. మెరిసే కార్బన్ స్టీల్ చూసి ఆశపడకండి, తడి తుడవకపోతే తుప్పు పడుతుంది. మన ఇళ్లలో కత్తి సింకులోనే ఉంటుంది కదా, స్టెయిన్‌లెస్ సాంతొకు చాలు. 8,800 యెన్ల కత్తి టాక్స్ లేకుండా 8,000 పడింది. టాక్స్ 10 శాతం. ఒకే షాపులో, ఒకేరోజు, టాక్స్ కాకుండా కనీసం 5,000 యెన్లు ఉండాలి. ఇక్కడ ఉంటున్న మాకు వర్తించదు, టూరిస్టుగా వచ్చినవాళ్లే ఒరిజినల్ పాస్‌పోర్ట్‌తో కొనాలి. 2026 నవంబర్ 1 నుంచి ముందు టాక్స్ కట్టి, దేశం వదిలేటప్పుడు వెనక్కి తీసుకునే పద్ధతి. అన్నట్టు, కత్తి ప్యాకింగ్ విప్పకండి. ఆరు సెంటీమీటర్లు దాటిన కత్తిని సరైన కారణం లేకుండా వెంట పెట్టుకు తిరగడం ఇక్కడ నేరం. విమానంలో అయితే చెక్-ఇన్ లగేజీలోనే.

తవరమచిలో మళ్లీ గింజా లైన్ ఎక్కితే రెండో స్టేషన్ ఉయెనో. షినోబజు చెరువు మధ్యలో బెంతెన్‌దో గుడి ఉంది. అందులో బెంజైతెన్ అంటే సరస్వతీదేవి, సాధారణంగా చేతిలో వీణ బదులు బివా ఉంటుంది. బాసరలో పాపకి అక్షరాభ్యాసం చేయించింది అమ్మే. పాపని ముందు నిలబెట్టి దణ్ణం పెట్టించింది. ఆవరణలో వంటకత్తులకి ఒక స్మారక శిల, కళ్లద్దాలకి ఇంకొకటి. నాన్న నవ్వారు, "మన ఆయుధపూజ లాంటిదేలే" అని. అమ్మ మాత్రం కొత్త కత్తి ఉన్న సంచీని ఆ రాయికి ఒకసారి తాకించి తెచ్చుకుంది.

చెరువులో తామరలు చూడాలంటే జూలై, ఆగస్టుల్లో రండి, అదీ పొద్దున్నే. వచ్చే వీడియోలో కామకురా బుద్ధుడి దగ్గరికి వెళ్దాం. ఉంటానండి.