క్రొత్త నీటిగొట్టములు – త్రాగునీరు పారుటకు ముందు జరుగవలసిన పరీక్షలు

నెల్లూరు జిల్లా తూర్పు అంచున, కావలి మొదలు ముత్తుకూరు వరకు, సముద్రము వెంబడి ఇసుక నేలలు వ్యాపించియున్నవి. ఈ నేలలలో కొద్ది లోతు త్రవ్వినను నీరు పడును. కాని ఆ నీరు అన్నిచోట్ల త్రాగుటకు పనికిరాదు. ఇసుకలోనికి ఇంకిన వాననీరు, తనకంటె సాంద్రత హెచ్చుగాగల సముద్రపు ఉప్పునీటిమీద తేలుచుండును. సముద్రమట్టమునకు పైన 1 మీటరు ఎత్తున మంచినీరు నిలిచియున్నచో, మట్టమునకు దిగువను సుమారు 40 మీటర్ల లోతువరకు మంచినీరు ఉండునని గైబెన్, హెర్ట్స్‌బెర్గ్ అను ఇరువురు వేర్వేరుగా కనుగొనిరి. బావులనుండి అధికముగా తోడి పైమట్టమును ఒక్క మీటరు తగ్గించినచో, అడుగునుండి ఉప్పునీరు కాలక్రమమున 40 మీటర్లు పైకి రాగలదు. అందుచేతనే తీరగ్రామములకు లోతట్టునుండి మంచినీటిని గొట్టములద్వారా తెచ్చుకొనుట అవసరమగుచున్నది.

కందకము త్రవ్వి, గొట్టములు అమర్చి, మన్ను పూడ్చినంతనే పని ముగిసినట్లు చూపరులకు తోచును. నిజమునకు అచ్చటినుండియే మరియొక పని ప్రారంభమగును. గొట్టము పీడనమునకు ఆగునా? ఎచ్చటనైన కారుచున్నదా? లోపల మురికి మిగిలియున్నదా? రోగకారకములగు సూక్ష్మజీవులు ఉన్నవా? ఈ నాలుగు ప్రశ్నలకు సమాధానము దొరకనిదే ఆ నీటిని ప్రజలకు వదలరాదు.

ఈ జాగ్రత్త ఎందులకో ఒక్క ఉదాహరణము చాలును. 1937లో లండను సమీపమున క్రాయ్‌డన్ పట్టణమునకు నీరిచ్చు ఒక బావిలో మరమ్మతులు జరిగెను. ఆ సమయమున నీటిలో క్లోరిన్ కలుపుట ఆపబడెను. పనివారిలో ఒకనికి పైకి ఏ జబ్బును లేదు; కాని అతని శరీరమున టైఫాయిడ్ సూక్ష్మజీవులు ఉండెను. నీటిద్వారా అవి ఇండ్లకు చేరెను. 300 మందికి పైగా జబ్బుపడగా, 43 మంది మరణించిరి.

ఖాళీ గొట్టము తేలుట

తీరప్రాంతమున మొదటి చిక్కు నీరు నింపకముందే కలుగును. భూగర్భజలము పైపైననే ఉండుటచే కందకములో నీరు ఊరును. 300 మిల్లీమీటర్ల వ్యాసముగల గొట్టము ప్రతి మీటరు పొడవునకు సుమారు 70 కిలోల నీటిని తొలగించును. ఆర్కిమెడీస్ సూత్రము ననుసరించి దానిని పైకి నెట్టు బలమును అంతే. ప్లాస్టిక్ గొట్టము బరువు ఇంతకంటె చాల తక్కువ. కావున రెండు చివరలు మూసిన ఖాళీ గొట్టము, పైన తగినంత మన్ను లేనిచో, పడవవలె తేలి అతుకులవద్ద విడిపోవును. 1989 నవంబరులో కావలి సమీపమున తీరము దాటిన తుపానువంటి వానలలో ఈ ప్రమాదము మరింత హెచ్చు. అటులని చివరలు తెరచి ఉంచుటయు తగదు. రాత్రివేళ కప్పలు, ఎలుకలు, బురదనీరు లోపలికి చేరును. పని ఆపిన ప్రతిసారి చివరలను మూయవలయును. కందకములోని నీటిని తోడివేయుచు, గొట్టముపై వెంటవెంటనే మన్ను వేయుచుండవలయును. అతుకులను మాత్రము పరీక్ష ముగియువరకు కనబడునట్లు విడిచిపెట్టుదురు.

గాలిని వెడలగొట్టుట

తరువాత గొట్టమును దిగువ చివరనుండి మెల్లగా నింపుదురు. త్వరపడినచో మెరకచోట్ల గాలి చిక్కుకొనును. అందుకే అట్టి చోట్ల గాలి కవాటములను అమర్చుదురు. చిక్కిన గాలి పరీక్షనే తప్పుదారి పట్టించును. ఈ విషయమును తరగతిలో సులభముగా చూపవచ్చును. సూది తీసివేసిన ఒక ఇంజెక్షను పిచికారీలో గాలి నింపి, కొనను వ్రేలితో మూసి నొక్కినచో దట్టు లోపలికి పోవును. వదలినచో వెనుకకు వచ్చును. నీరు నింపి నొక్కినచో దట్టు కదలదు. గొట్టములో గాలి మిగిలినచో, కొద్దిగా నీరు కారినను నొక్కబడిన గాలి వ్యాకోచించి పీడనమును నిలబెట్టుచుండును. పీడనమాపకపు ముల్లు పెద్దగా కదలదు, దోషము బయటపడదు. కేవలము గాలితో పరీక్షింపకపోవుటకును కారణమిదియే. నొక్కబడిన గాలిలో చాల శక్తి నిలువయుండును. గొట్టము పగిలినచో అది ప్రేలుడువలె బయటికి వచ్చును.

పీడన పరీక్ష

10 మీటర్ల ఎత్తు నీరు చదరపు సెంటీమీటరుకు సుమారు 1 కిలోగ్రాము పీడనమును కలిగించును. వాడుకలో 60 మీటర్ల ఎత్తునకు సమానమగు పీడనము, అనగా 6 కిలోగ్రాములు, భరించవలసిన గొట్టమును సాధారణముగా దానికి ఒకటిన్నర రెట్లు, అనగా 9 కిలోగ్రాముల పీడనమున పరీక్షింతురు. 300 మిల్లీమీటర్ల గొట్టపు అడ్డుకోత వైశాల్యము సుమారు 707 చదరపు సెంటీమీటర్లు. కావున చివర బిగించిన మూతపై పడు బలము 6,300 కిలోలకు పైబడును! వంపులవద్దను ఇట్టి బలమే పనిచేయును. వదులు ఇసుక దీనిని ఆపజాలదు గనుక అచ్చట కాంక్రీటు దిమ్మెలు కట్టుదురు. ఆ దిమ్మెలు గట్టిపడకముందు పరీక్ష చేయరాదు.

లోపల సిమెంటుపూత గల గొట్టము కొంత నీటిని పీల్చుకొనును. కావున నీరు నింపి ఒక దినము ఉంచి, ఆ పిదప పీడనమును పెంచుదురు. నిర్ణీతకాలము గడచిన పిమ్మట పీడనమును మరల మొదటి స్థాయికి తెచ్చుటకు ఎంత నీరు పంపు చేయవలసివచ్చెనో కొలుతురు. అదియే కారిన నీటి పరిమాణము.

కారుట యనగా నీటి నష్టము మాత్రమే కాదు. పూటకొకసారి నీరు వదలు ఊళ్లలో మిగిలిన సమయమున గొట్టములో పీడనముండదు. అప్పుడు నీరు బయటికి పోయిన రంధ్రమునుండియే మురుగు కాలువనీరు, రొయ్యల చెరువుల ఉప్పునీరు లోపలికి చేరును. పీడన పరీక్ష ఆరోగ్య పరీక్షయు నగుటకు ఇదియే హేతువు.

కడుగుట, క్రిములను చంపుట

పరీక్షలో నిలిచిన గొట్టమును వేగముగా పారు నీటితో కడుగుదురు. సెకనుకు ముప్పాతిక మీటరు మొదలు 1 మీటరు వరకు వేగమున్నగాని ఇసుక కదలిపోదు. ఈ పని ముందుగా జరుగవలయును. ఏలయన క్లోరిన్ మురికితో కలిసి వ్యర్థమైపోవును. మట్టి క్రింద దాగిన సూక్ష్మజీవులను అది తాకజాలదు.

నిత్యము కుళాయిలో లీటరుకు కనీసము 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలియున్న చాలును. క్రొత్త గొట్టమునకు వాడుకలోనున్న ఒక పద్ధతిలో లీటరుకు 25 మిల్లీగ్రాములు వేసి, 24 గంటలు నిలువయుంచుదురు. గడువు ముగియునప్పటికి కనీసము 10 మిల్లీగ్రాములు మిగిలియుండవలయును. 300 మిల్లీమీటర్ల గొట్టము ఒక కిలోమీటరు పొడవున సుమారు 70,700 లీటర్ల నీరు పట్టును. దీనికి 1.77 కిలోల క్లోరిన్ కావలయును. బ్లీచింగ్ పౌడరులో నూటికి 25 పాళ్లు క్లోరిన్ ఉన్నచో 7 కిలోల పొడి సరిపోవును. కాని తీరపు ఉక్కకు, తేమకు ఆ పొడి త్వరగా బలము కోల్పోవును. నూటికి 15 పాళ్లే మిగిలినచో దాదాపు 12 కిలోలు కావలయును. సంచిపై వ్రాసిన అంకెను నమ్మి లెక్క కట్టినవారు కావలసిన మందులో అయిదింట మూడు పాళ్లు మాత్రమే వేసినట్లగును. పొడిని వాడుటకు ముందు దాని బలమును కొలుచుట తప్పనిసరి.

గడువు తీరిన ఆ నీటిని వాగులలోనికి, రొయ్యల చెరువులలోనికి వదలినచో చేపలు, రొయ్యలు చచ్చును. ఫొటోగ్రాఫులు కడుగువారు 'హైపో' అను సోడియం థయోసల్ఫేటును కలిపి ముందుగా క్లోరిన్‌ను పోగొట్టవలయును.

చివరి తీర్పు

మంచినీటితో మరల కడిగిన తరువాత, ఒక దినము వ్యవధిలో రెండుమారులు శుభ్రమైన సీసాలలో నీరు పట్టి ప్రయోగశాలకు పంపుదురు. ఆ సీసాలలోను ముందే కొద్దిగా థయోసల్ఫేటు వేసియుంచుదురు. లేనిచో నీటిలో మిగిలిన క్లోరిన్ దారిలోను సూక్ష్మజీవులను చంపుచుండును. గొట్టము మురికిదైనను పరీక్ష శుభ్రమని తేల్చును. 100 మిల్లీలీటర్ల నీటిలో మలసంబంధమగు ఇ. కోలై బాక్టీరియా ఒక్కటియు కనిపించరాదు. ఒక్కసారి కనిపించినను కడుగుట, క్లోరిన్ వేయుట మొదటినుండి జరుపవలసినదే.

ఈ పరీక్షలన్నిటికి కొన్ని దినములు పట్టును. ఎన్నో ఏండ్లుగా ఉప్పునీరు త్రాగిన గ్రామస్థులకు ఆ ఆలస్యము కష్టముగనే తోచును. అయినను మొదటి బిందె పట్టుకొను ఇల్లాలు ఆ నీటిని రంగు, రుచి చూచియే నమ్మవలసియుండును. టైఫాయిడ్ సూక్ష్మజీవికి రంగును లేదు, రుచియు లేదు. ఆమె చూడజాలని దానిని ఆమెకు బదులుగా ముందే చూచిపెట్టుటయే ఈ పరీక్షల ప్రయోజనము.