పొగ లేని సిగరెట్టు – మన పిల్లలు



మొన్న దసరా సెలవుల్లో, ఓ.పి. రద్దీ తగ్గిన తర్వాత ఎమ్మిగనూరు వైపు నుండి ఒక తల్లి నా గదికి వచ్చింది. తలుపు దగ్గరగా వేసి, కొంగు ముడి విప్పి ఒక వస్తువు బల్ల మీద పెట్టింది. వేలెడంత పొడవు, నీలం రంగు, ఒక చివర చిన్న రంధ్రం. "పిల్లోని బ్యాగులో దొరికింది సిస్టరమ్మా. అడిగితే పెన్‌డ్రైవ్ అంటాడు. పెన్‌డ్రైవ్‌కు మామిడిపండు వాసన ఏంది?" అని అడిగింది.

అది ఈ-సిగరెట్టు. పిల్లలు వేప్ అంటారు. ఆ అబ్బాయి బెంగుళూరులో డిగ్రీ మొదటి సంవత్సరం చదువుతున్నాడు. పేరు, ఊరు రాయకూడదన్న మాట మీద ఈ సంగతి రాయడానికి తల్లీ కొడుకులిద్దరూ ఒప్పుకున్నారు.

అబ్బాయి బయట బెంచీ మీద కూర్చొని ఉంటే లోపలికి పిలిచాను. తిడతాననుకున్నాడు కాబోలు, నేను నోరు తెరవక ముందే, "మా నాయన రోజుకు రెండు కట్టలు బీడీలు తాగుతాడు మేడం. నేను పొగే ముట్టలేదు. ఇది ఉత్త ఆవిరి. నాయన కంటే నేను మేలే కదా?" అన్నాడు. ముప్పై ఏళ్ళుగా నర్సుగా పనిచేస్తున్నాను, అయినా ఆ ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఎందుకంటే వాడు చెప్పినదానిలో కొంత నిజం ఉంది. ఆ నిజం ఎంతవరకో మన కుటుంబాలకు తెలియాలని ఈ వ్యాసం రాస్తున్నాను.

ఆయాసంతో వచ్చినవారికి వార్డులో నెబ్యులైజర్ పెట్టడం మీరు చూసే ఉంటారు. మందును మంచులాంటి తుంపరగా మార్చి నేరుగా ఊపిరితిత్తులకు పంపే యంత్రం అది. ఈ-సిగరెట్టు చేసే పనీ అలాంటిదే. లోపల చిన్న బ్యాటరీ, వేడెక్కే తీగ చుట్ట, దూదిలో నానిన ద్రవం ఉంటాయి. పీల్చినప్పుడు తీగ వేడెక్కి ద్రవం తుంపరగా మారుతుంది. తేడా ఏమిటంటే నెబ్యులైజర్‌లో మనం మందు పోస్తాము. ఇందులో ప్రొపిలిన్ గ్లైకాల్, గ్లిజరిన్, పండ్ల వాసనలు, వాటితో పాటు నికోటిన్ ఉంటాయి. కాబట్టి అది ఉత్త నీటి ఆవిరి కాదు. వేడికి ఫార్మాల్డిహైడ్ వంటివి పుడతాయి, తీగ నుండి నికెల్ వంటి లోహాల రవ్వలు కూడా వస్తాయి.

అయితే ఇందులో ఆకు కాలదు. కాలదు కాబట్టి బీడీలో వచ్చే తారు, కార్బన్ మోనాక్సైడ్ ఇందులో దాదాపు ఉండవు. ఇది ఒప్పుకోవాలి. 2003 ప్రాంతంలో చైనాలో దీనిని తయారుచేసిన హాన్ లిక్ అనే ఫార్మసిస్టు కూడా సిగరెట్టు అలవాటు ఉన్నవాడే. తండ్రి ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో చనిపోయాడు. ఇంగ్లండులో సిగరెట్టు మానలేని పెద్దవారికి దీనిని ఒక మార్గంగా చెబుతారు. వాళ్ళ నాయనతో పోల్చుకుంటే అబ్బాయి మాట పూర్తిగా తప్పు కాదు.

కానీ అబ్బాయి పోల్చుకోవలసింది నాయనతో కాదు, ఏమీ తాగని తనతోనే. వాడు బీడీ మాని దీనికి రాలేదు. ఏ అలవాటూ లేని వాడు హాస్టల్ గదిలో స్నేహితుడు ఇస్తే మొదలుపెట్టాడు. నికోటిన్ పీల్చిన కొన్ని సెకన్లలోనే మెదడుకు చేరుతుంది. ఇరవై, ఇరవై అయిదు ఏళ్ళ వరకు మెదడు ఇంకా తయారవుతూనే ఉంటుంది గనుక ఆ వయసులో పడిన అలవాటు గట్టిగా పాతుకుంటుంది. బీడీ అయితే మొదటి దమ్ముకే దగ్గు వస్తుంది, గొంతు మండుతుంది. ఈ కొత్త ద్రవాలలో నికోటిన్‌ను ఉప్పు రూపంలో కలుపుతారు గనుక ఎంత ఎక్కువ వేసినా గొంతు మండదు. శరీరం మనకిచ్చిన ఆ దగ్గు అనే కావలివాడిని తప్పించారన్న మాట.

మరి వేప్ పట్టిన పిల్లవాడు తర్వాత సిగరెట్టు పడతాడా? అమెరికాలో జరిగిన 9 అధ్యయనాలను కలిపి 2017లో లెక్క చూశారు. అంతకు ముందు సిగరెట్టు ముట్టని యువకులలో, వేప్ రుచి చూసినవారు నూటికి సుమారు 30 మంది తర్వాత సిగరెట్టు కూడా ముట్టారు. వేప్ ముట్టనివారిలో అలా ముట్టినవారు నూటికి సుమారు 8 మంది. అయితే దుడుకు పిల్లలు రెండూ ప్రయత్నిస్తారు, వేప్ లేకపోయినా వారు సిగరెట్టు ముట్టేవారే అని కొందరు డాక్టర్లు అంటారు. అదీ ఆలోచించవలసిన మాటే. ఎందుకంటే అమెరికా హైస్కూలు పిల్లలలో 2019 నాటికి వేప్ నూటికి 27 మంది దాకా పెరిగినా, సిగరెట్టు తాగేవారు 2011లో నూటికి 16 మంది దాకా ఉన్నవారు 2019 నాటికి 6 మందికి తగ్గారు. కాబట్టి ప్రతి వేప్ పిల్లవాడూ సిగరెట్టుకు పోతాడని నేను చెప్పను.

అయినా మన ప్రాంతం అమెరికా కాదు. నా భయం ఇక్కడే. మన దేశంలో 2019 సెప్టెంబరు నుండి ఈ-సిగరెట్ల తయారీ, దిగుమతి, అమ్మకం, నిల్వ, ప్రకటన అన్నీ నిషేధం. అమ్మినవారికి మొదటిసారి ఏడాది వరకు జైలు లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. అయినా హైదరాబాదులో కాలేజీ పిల్లలకు చాటుగా అమ్మేవారిని పోలీసులు పలుమార్లు పట్టుకున్నారు. చాటుగా వచ్చే సరుకులో ఏముందో డబ్బా మీద రాత నమ్మలేము. 2019లో అమెరికాలో వేప్ వల్ల ఊపిరితిత్తులు దెబ్బతిని రెండు వేల ఏడు వందలకు పైగా ఆసుపత్రి పాలైతే, వారిలో ఎక్కువమంది గంజాయి సారం కలిపిన దొంగ సరుకు పీల్చినవారే. అరవై ఎనిమిది మంది చనిపోయారు.

ఇంకొక సంగతి. వేప్ ఖరీదైనది, దొరకడం కష్టం. అది అయిపోయిన రోజు నికోటిన్ మరిగిన పిల్లవాడు ఏం చేస్తాడు? ఆదోని మార్కెట్ యార్డు దగ్గర గానీ ఎమ్మిగనూరు బస్టాండులో గానీ ఏ బంకుకు పోయినా విడిగా ఒక్క సిగరెట్టు చిల్లర డబ్బులకు ఇస్తారు. 18 ఏళ్ళ లోపువారికి అమ్మకూడదని, బడికి వంద గజాలలోపు అమ్మకూడదని 2003 నుండి చట్టం ఉంది. ఎంతవరకు అమలవుతోందో మీరూ చూస్తున్నారు. ఇదే మాట అబ్బాయిని అడిగాను. "సెలవులకు ఇంటికొచ్చి నాలుగు రోజులైంది, ఇది అయిపోయింది. నిన్న సాయంత్రం ఏం చేసినావు నాయనా?" తల దించుకున్నాడు. నాయన కట్టలో నుండి ఒక బీడీ తీసుకున్నాడట. తల్లి అప్పటిదాకా ఏడవలేదు, ఆ మాటకు ఏడ్చింది.

దీనిలో తల్లిదండ్రులు గమనించవలసిన విషయం ఒకటుంది. మన ఊళ్ళలో చాలామంది పిల్లలకు మొదటి బీడీ ఇంట్లోనే దొరుకుతుంది. 2019లో దేశమంతటా 13 నుండి 15 ఏళ్ళ బడిపిల్లలను అడిగితే, బీడీ తాగేవారిలో దాదాపు సగం మంది పదేళ్ళు నిండక ముందే మొదలుపెట్టామని చెప్పారు. వేప్ రుచి చూసినవారు నూటికి ముగ్గురు కూడా లేరు. కొత్త వస్తువును చూసి హడలిపోయి పాత కట్టను చూరులో అలాగే ఉంచుకోవద్దు.

మీ పిల్లల దగ్గర ఇలాంటిది దొరికితే కొట్టవద్దు, పదిమందిలో అనవద్దు. పండ్ల వాసన, కారణం లేని దగ్గు, మాటిమాటికీ బాత్రూముకు పోవడం, చిరాకు కనిపిస్తే నెమ్మదిగా అడగండి. ఆ ద్రవం చిన్నపిల్లలు మింగితే విషం, కాబట్టి వస్తువును వారికి అందకుండా పెట్టండి. మానిన తర్వాత మొదటి రెండు మూడు రోజులు కష్టం. తలనొప్పి, కోపం, నిద్ర పట్టకపోవడం ఉంటాయి. మూడు నాలుగు వారాలకు చాలావరకు తగ్గుతాయి. నికోటిన్ చూయింగ్ గమ్ డాక్టరు గారు చెబితేనే వాడాలి. కేంద్ర ప్రభుత్వం వారి 1800-11-2356 నంబరుకు ఫోను చేస్తే ఉచితంగా సలహా ఇస్తారు.

మరుసటి వారం అబ్బాయి మళ్ళీ వచ్చాడు, ఈసారి నాయనను వెంటబెట్టుకొని. ఇద్దరం ఒకే రోజు మానాలని కొడుకే షరతు పెట్టాడట. అబ్బాయి బెంగుళూరుకు తిరిగి వెళ్ళాడు, ఆదివారం ఆదివారం వార్డు ఫోనుకు చేస్తున్నాడు. ఒకసారి తప్పానని తనే చెప్పాడు. నాయన రెండు కట్టల నుండి రోజుకు నాలుగు బీడీలకు వచ్చాడు. సోమవారం ఎక్స్-రేకు రమ్మన్నాము.

– నర్సింగ్ సూపరింటెండెంట్