శిఖరం మాట విన్నాకే అడుగు

వేసవి నడకల మీద ముఖచిత్ర కథనం కావాలని సంపాదకులు అడిగారు. అమెరికాలోని న్యూహాంప్‌షైర్‌లో మౌంట్ వాషింగ్టన్‌కు వెళ్లే క్రాఫర్డ్ పాత్‌ను ఎంచుకున్నాను. కొండపూలూ లోయలూ ఫొటోలకు సరిపడా ఉన్నాయి. అయినా నన్ను పట్టేసింది అరపేజీ కాగితం ఒకటి.

ఆ శిఖరం మీద మౌంట్ వాషింగ్టన్ అబ్జర్వేటరీ ఉంది. అందులో ఏడాది పొడవునా పరిశీలకులు ఉంటారు. గంటగంటకూ బయటికి వెళ్లి గాలిని, చలిని, మబ్బును కొలిచి రాసుకుంటారు. తెల్లవారకముందే వాళ్లు తయారుచేసే వాతావరణ సూచనే ‘హయ్యర్ సమిట్స్ ఫోర్‌కాస్ట్’. నన్ను పట్టేసిన కాగితం ఇదే. కింది ఊళ్లతో దానికి పనిలేదు. చెట్లు ఆగిపోయిన చోటికి పైన ఏం జరగబోతోందో మాత్రమే చెబుతుంది.

దారిలోని బసల్లో పొద్దున ఫలహారం వేళ సిబ్బంది దాన్ని పైకి చదువుతారు. మిజ్పా స్ప్రింగ్ బసలో నేను విన్నప్పుడు గిన్నెల చప్పుడు ఆగిపోయింది. ఉదయం తెరిపి, మధ్యాహ్నం ఉరుములతో జల్లులు, సాయంత్రానికి గంటకు 50 మైళ్లు దాటే గాలి, శిఖరాలు మబ్బులో. అంతే. వర్ణన లేదు, బెదిరింపు లేదు. కానీ నడిచేవాడికి కావలసిందంతా అందులో ఉంది. ఉరుములంటే మధ్యాహ్నంలోపు బోడిగట్టు దాటెయ్యాలి. శిఖరాలు మబ్బులో ఉంటాయంటే దారికి గుర్తుగా పేర్చిన రాళ్లకుప్పలు ఒకదాని దగ్గర నిలబడితే రెండోది కనబడకపోవచ్చు. 50 మైళ్ల గాలిలో వీపున సంచి ఉన్న మనిషి తిన్నగా అడుగు వేయలేడు. మా బల్ల దగ్గర కూర్చున్న పెద్దాయన పటం తెరిచి, ఐసెన్‌హోవర్ కొండ దగ్గర పడమటికి దిగిపోయే దారిని వేలితో చూపించాడు. “అవసరమైతే ఇటు” అన్నాడు భార్యతో. ఆమె తలూపి రెయిన్‌కోటు సంచిలో పైకి సర్దుకుంది.

ఆ కాగితం చెప్పింది చెప్పినట్టే జరిగింది. పియర్స్ కొండ దాటేసరికి ఎండ చురుక్కుమంది, చొక్కా ఒక్కటే చాలనిపించింది. ఐసెన్‌హోవర్ ఎక్కుతుండగా పడమటి లోయలోంచి మబ్బు పైకి పాకింది. కాసేపట్లోనే వేళ్లు కొంకర్లు పోయాయి. తర్వాత వడగళ్లు, ఆ వెంటనే మళ్లీ ఎండ. మన్రో కొండ పక్కనుంచి వెళ్లేటప్పుడు గాలి చెవుల్లో హోరెత్తింది, పక్కమనిషి మాట వినబడలేదు. ‘లేక్స్ ఆఫ్ ది క్లౌడ్స్’ బస తలుపు తోసేసరికి బయట ఉరుము. పైన శిఖరం ఇంకో మైలున్నర దూరంలోనే ఉంది. ఆ పూట మాలో ఎవరూ ముందుకు కదల్లేదు.

ఈ కొండ ఎత్తు 6,288 అడుగులు, అంటే 1,917 మీటర్లు. మన తూర్పు కనుమల్లోని జిందగడ శిఖరం కంటే సుమారు 230 మీటర్లు ఎక్కువ, అంతే. ఎత్తు చూసి తేలిగ్గా తీసుకోవద్దు. తుఫానులు వచ్చే దారులు కొన్ని ఈ ప్రాంతంలోనే కలుస్తాయి. పడమటి గాలికి అడ్డంగా నిలిచిన ఈ వరస మీద గాలి ఇరుకునపడి వేగం పుంజుకుంటుంది. శిఖరం మీద ఇంతవరకు నమోదైన అత్యధిక ఉష్ణోగ్రతే 22 డిగ్రీల సెల్సియస్. మంచు కురవని నెలంటూ లేదు.

చరిత్ర క్లుప్తంగా: ఈ దారిని క్రాఫర్డ్ కుటుంబం 1819లో వేసింది. జార్జియా నుంచి మెయిన్ దాకా సుమారు 3,500 కిలోమీటర్లు సాగే అపలాచియన్ ట్రెయిల్‌లో ఇప్పుడు దీని పైభాగం ఒక ముక్క. అబ్జర్వేటరీ 1932లో మొదలైంది. 1934 ఏప్రిల్ 12న అక్కడి వాళ్లు గంటకు 231 మైళ్ల గాలిని కొలిచారు. ఆ తెల్లవారుజామున గాలిమాపకానికి మంచు పట్టి వేగం తక్కువ చూపిస్తుంటే, వెండెల్ స్టీఫెన్సన్ అనే పరిశీలకుడు ఆ గాలిలోనే నిచ్చెనెక్కి కర్రతో కొట్టి మంచు రాల్చాడు. ఆ 231 మైళ్ల వేగం 1996 దాకా ప్రపంచ రికార్డుగా నిలిచింది.

సంచిలో, జేబులో
నూలు బట్టలు వద్దు. తడిస్తే ఆరవు, ఒంటి వేడిని లాగేస్తాయి. ఉన్ని లేదా సింథటిక్ బట్టలు, గాలివాన ఆపే కోటు, టోపీ, చేతి తొడుగులు, తలకు కట్టుకునే లైటు, కాగితపు పటం జూలైలో కూడా ఉండాలి. నిర్లక్ష్యంగా వెళ్లి చిక్కుకుంటే కాపాడిన ఖర్చును న్యూహాంప్‌షైర్ ప్రభుత్వం మన దగ్గర వసూలు చేయవచ్చు. ఆ భారం మీద పడకుండా ముందే కొనుక్కునే ‘హైక్ సేఫ్’ కార్డు ఒకరికి 25 డాలర్లు, కుటుంబానికి 35. ఆ డబ్బు గాలింపు, రక్షణ పనులకు వెళుతుంది.

ఫోన్‌లోని వాతావరణ యాప్ మీద నాకు నమ్మకం లేదు. మనం ఊరి పేరు కొడితే అది ఊరి ఎండనే చూపిస్తుంది. బోస్టన్ చుట్టుపక్కల మన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. వేసవిలో ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలను ఈ కొండలకు తీసుకెళ్లేవాళ్లకు నా విన్నపం ఒక్కటే. బయల్దేరే రోజు పొద్దున అబ్జర్వేటరీ వెబ్‌సైట్‌లో ఆ అరపేజీ చదవండి, ఇంట్లోవాళ్లకు తెలుగులో చెప్పండి. గాలి ఎక్కువంటే ఆ రోజుకు కింది అడవి దారుల్లోనే నడవండి.