వార్తల్లో పదం: రోల్‌బ్యాక్

అప్‌డేట్ తర్వాత సాఫ్ట్‌వేర్ మొండికేస్తే పాత వెర్షన్‌కు వెనక్కి వెళ్లడమే రోల్‌బ్యాక్. 2024 జూలై 19న సైబర్ భద్రతా సంస్థ క్రౌడ్‌స్ట్రైక్ పంపిన లోపభూయిష్ఠ అప్‌డేట్‌తో, మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం 85 లక్షల విండోస్ కంప్యూటర్లు కుప్పకూలాయి. శంషాబాద్ విమానాశ్రయంలో కొందరికి బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు.

ఏలూరు, తాడేపల్లిగూడెం డీటీపీ సెంటర్లలోనైనా, కొల్లేరు చేపల లోడుకు బిల్లు కొట్టే బల్ల దగ్గరైనా ఈ బెడద చిన్నగా ఎదురుకావచ్చు. ఫోల్డర్ తెరవగానే మూసుకుపోతుంది, టాస్క్‌బార్ మాయమై మళ్లీ వస్తుంది. విండోస్‌లో ఆ రెండింటినీ నడిపేది ఎక్స్‌ప్లోరర్ అనే ఒకే ప్రోగ్రాం మరి. జిప్, పీడీఎఫ్ సాఫ్ట్‌వేర్లు రైట్‌క్లిక్ మెనూలో చేర్చే షెల్ ఎక్స్‌టెన్షన్లు చాలావరకు దాని లోపలే నడుస్తాయి. కొత్త అప్‌డేట్‌తో వాటిలో ఒక్కటి పొసగకపోయినా మొత్తం పడిపోవచ్చు.

ఫైళ్లు పోయాయని కంగారుపడి దయచేసి ఫార్మాట్ కొట్టించకండి. ఎక్స్‌ప్లోరర్ ఆగినంత మాత్రాన డిస్కులోని ఫైళ్లు చెరిగిపోవు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి, టాస్క్ మేనేజర్‌లో విండోస్ ఎక్స్‌ప్లోరర్‌ను రీస్టార్ట్ చేయండి. విండోస్‌ను కనీస హంగులతో నడిపే సేఫ్ మోడ్‌లో బాగా నడిస్తే ఆ ఎక్స్‌టెన్షన్లను అనుమానించవచ్చు. వాటి సాఫ్ట్‌వేర్‌ను అప్‌డేట్ చేయాలి, లేదా తీసేయాలి. అప్పటికీ లొంగకపోతేనే రోల్‌బ్యాక్: సెట్టింగ్స్‌లో అప్‌డేట్ హిస్టరీకి వెళ్లి కొత్తదాన్ని అన్‌ఇన్‌స్టాల్ చేయడం. విండోస్ వెర్షనే మారితే మాత్రం ఆలస్యం చేయొద్దు, వెనక్కి వెళ్లే గడువు మామూలుగా 10 రోజులే.